శనివారం హారన్

పాపకూర,
డిసెంబరు 6, 2015.

శేషారత్నం వదినకు,

ముందుగా మీ కాళ్లకు దండం. దండం అయిపోయింది కాబట్టి ఇక పోట్లాడతాను.

మీ ఉత్తరం మొన్న అందింది. ముందు గది ఖాళీ చేయించి సున్నం వేయించానని, బాత్‌రూమ్‌లో పట్టుకుని లేవడానికి ఇనుప కడ్డీ బిగించానని, చక్రాల కుర్చీకి అడ్డం లేకుండా గడప చెక్కించానని రాశారు. చదువుతుంటే కళ్లు చెమర్చాయి, అబద్ధం చెప్పను. దాని కింద రాసిన మాటకు మాత్రం ఒళ్లు మండింది. పక్కింటి విద్యాసాగర్‌ను పంపిస్తా, నా తమ్ముణ్ణి వాడి వెంట పంపు, ఇష్టమైతే నువ్వూ రా, ఆ దేశంలో మాట్లాడే మనిషి లేకనే వాడికి మాట తిరిగి రావడం లేదు అని రాశారు. మరి నేనెవర్ని వదినా? పొద్దున లేచింది మొదలు దవడలు నొప్పి పుట్టేదాకా ఆయనతో వాగుతూనే ఉన్నాను. ఉల్లిగడ్డల ప్యాకింగ్ షెడ్‌లో పూట పని చేసి వచ్చి, అక్కడ ఎవరు ఏ టోపీ పెట్టుకున్నారో కూడా చెప్తాను. మీకు చెవులు బాగుంటే ఫోన్ చేసి ఇదంతా వినిపించేదాన్ని. కాగితం మీద పోట్లాడితే కసి తీరదు.

మీకు అక్కడ ఎవరేం చెప్పారో గాని, నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మే నెలలో పళ్లు తోముకుంటూ పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనం అనేది ఆయనకు అర్థమవుతుంది, తిరిగి అనడానికి మాట దొరకదు. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే అవును, కాదు కూడా తారుమారయ్యాయి. అన్నం పెట్టనా అంటే అడ్డంగా తల ఊపుతారు, పెడితే తింటారు. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి ఆ తల ఊపుడును నమ్ముకోవద్దని నాకు ముందే చెప్పింది. మీ ఉత్తరం చదివి వినిపించి, అక్క దగ్గరికి పోదామా అని అడిగాను. అవునని ఊపారు. ఇక్కడే ఉందామా అన్నాను. దానికీ అవుననే ఊపారు. ఆయనకు ఎక్కడ ఉండాలని ఉందో నాకు తెలిస్తే చాలు వదినా, మీతో పోట్లాడే పనే ఉండదు. తెలియకనే ఈ చావు.

ఒక్క చోట మాత్రం ఆయన చెప్పేది తప్పు పోదు. చెప్తే మీరు నవ్వుతారు. కారు హారన్ దగ్గర.

మీ తమ్ముడి హారన్ పిచ్చి మీకు నేను చెప్పాలా? పెళ్లయ్యాక హైదరాబాద్‌లో బడి బస్సు నడిపినన్నాళ్లూ, బ్రేకు మీదికి కాలు పోకముందే హారన్ మీదికి చెయ్యి పోయేది. ఈ ఆక్లాండ్ వైపు వచ్చిన వారంలోనే సిగ్నల్ దగ్గర ముందు కారు కదలలేదని మోగించారు. ఆ కారాయన దిగి వచ్చి అద్దం దించమని, నేను నీకేం అపకారం చేశానని అడిగాడు. ఇక్కడ హారన్ కొట్టడమంటే మొహం మీద తిట్టినట్టే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎయిర్‌పోర్ట్ షటిల్ వ్యాను నడిపారు గాని, పెళ్లానికి ఒట్టు పెట్టి తాగుడు మానేసినవాడిలా, చెయ్యి దానిమీద పడనివ్వలేదు. అట్లాంటి మనిషి ఒక శనివారం ఏదో బడి ఆడపిల్లలను ఆటకని పుకెకోహె ఊరికి వ్యానులో తీసుకుపోయారు. అది సాఫ్ట్‌బాల్ అనే ఆట. రోకలి లాంటి బ్యాటు, చేతికి తోలు తొడుగు, బాల్ కొట్టి చుట్టూ పరిగెత్తి బయల్దేరిన చోటికే చేరుకోవాలి. నాకు తెలిసింది ఇంతే, ఇప్పటికీ ఇంతే. ఆ చిన్న ఊళ్లలో గ్రౌండ్‌కు గోడ ఉండదు, మెట్లు ఉండవు. కార్లను చుట్టూ వరసగా, ముక్కు లోపలికి పెట్టి ఆపుకుని, అందులోనే కూర్చుని ఆట చూస్తారు. ఎవరైనా బాల్‌ను కంచె దాటించి కొట్టారంటే చప్పట్లకు బదులు అన్ని కార్లూ హారన్లు మోగిస్తాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "కుసుమా, ఈడ హారన్ కొడితే చప్పట్లంట" అన్నారు. యాభై దాటిన మనిషి మొహం చూడాలి అప్పుడు. ఇక అప్పటినుంచి ఎండాకాలం వస్తే, ఇక్కడ అది అక్టోబరు నుంచి మార్చి దాకా, ప్రతి శనివారం ఏదో ఒక ఊరి గ్రౌండ్. నేను పక్క సీట్లో పులిహోర డబ్బాతో, స్వెటర్ అల్లికతో కూర్చునేదాన్ని. ఆట వంక తలెత్తి చూసింది లేదు.

ఈ అక్టోబరులో ఆటలు మళ్లీ మొదలయ్యాయి. శనివారం పొద్దున ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని గోడకు వేలాడే కారు తాళాల వంకే చూస్తున్నారు. నేను చలికాలమంతా చచ్చీ చెడీ డ్రైవింగ్ నేర్చుకున్నది ఆసుపత్రికి తిప్పడానికి. ఆ చూపు చూశాక పుకెకోహెకు తిప్పాను. పక్కింటి శివ్‌చరణ్ అన్న తోడు వచ్చాడు. వాళ్లది ఫిజీ, ముత్తాతలది మన విశాఖ వైపు, తెలుగులో ఆయనకు రా, తిను, పండుకో అనే మూడు మాటలు వచ్చు. గ్రౌండ్ చేరాక మీ తమ్ముడు ఎడమ చేత్తో నా సీటును చూపించి ఊ, ఊ అని గొడవ. ఇక ఇద్దరం కలిసి ఆయన్ని పక్క సీట్లోంచి లేపి, కారు చుట్టూ మోసుకొచ్చి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తాళం తీసి నా పర్సులో వేసుకున్నాను. ఎడమ చెయ్యి హారన్ మీద పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఎవరో పిల్ల బాల్‌ను కంచె దాటించింది. అందరికన్నా ముందు మోగింది మా కారే.

అందుకే పంపను వదినా. కనీసం మార్చి దాకా, ఆటలు అయ్యేదాకా. విద్యాసాగర్‌ను టికెట్ తీయొద్దనండి.

పోట్లాట ఇంకా మిగిలే ఉన్న మీ మరదలు,
కుసుమ.

---

పాపకూర,
జనవరి 31, 2016.

కోపంలో కూడా నా మోకాళ్ల నొప్పి సంగతి అడిగిన వదినకు,

మీ జవాబు రెండు వాక్యాలే. మోకాళ్లకు ఆముదం రాయమని ఒకటి. ఆ గ్రౌండ్లలో నాకన్నా ఎక్కువైన వాళ్లు ఎవరున్నారని రెండోది. ఎవరూ లేరు వదినా. అయినా అడిగారు కాబట్టి చెప్తాను. మూణ్నెల్లుగా తిరిగి తిరిగి నాకే ఆ గ్రౌండ్లు మన చుట్టాల ఇళ్ల మాదిరి అయిపోయాయి, ఒక్కోదానిది ఒక్కో గుణం.

పుకెకోహె గ్రౌండ్ ఉల్లి చేల మధ్యన ఉంటుంది. నేల మన వైపులా ఎర్రగా ఉంటుంది. గాలి లేస్తే కారు అద్దమంతా ఎర్రదుమ్ము. వారమంతా షెడ్‌లో పీల్చిన ఉల్లి వాసనే శనివారం కూడా పీల్చడం నా తలరాత. ఆయనకు మాత్రం ఆ నేల ఇష్టం, అద్దం దించి చూస్తూ ఉంటారు. హంట్లీ గ్రౌండ్ ఇంకో తీరు. నది అవతల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు రెండు నిలబడి ఉంటాయి. ఇవతల రైలు పట్టాలు. అక్కడి జనం పెద్దగా నవ్వరు, మాట్లాడరు, బొగ్గు గనుల ఊరు కదా, అందరి మొహాలూ అలిసిపోయి ఉంటాయి. ఒకనాడు అక్కడ కార్లన్నీ మోగుతుంటే, అటుగా పోతున్న గూడ్సు బండి డ్రైవరు కూడా కూత వేశాడు. మీ తమ్ముడు జవాబుగా మళ్లీ కొట్టారు. ఆ డ్రైవరు మళ్లీ కూత వేశాడు. బండి కనపడకుండా పోయేదాకా ఇద్దరూ అదే పని. ఆట సంగతి ఎవరికి పట్టింది.

ఇక్కడ థేమ్స్ అనే ఊళ్లో గ్రౌండ్ సముద్రం ఒడ్డున ఉంటుంది. సముద్రమంటే మీరు అనుకునే సముద్రం కాదు, నీళ్లు వెనక్కి పోతే అంతా బురదే. బాల్ ఆ బురదలో పడితే ఆట ఆపి అందరూ వెతుకుతారు. అక్కడ క్యారవాన్ బండిలో రొట్టెలు వేయించి అమ్మే ఆవిడ ఒకతె ఉంది, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి. మొదటిసారి మీ తమ్ముడిని చూడగానే రొట్టెను ముక్కలుగా తుంచి, చల్లార్చి, ఎడమ చేతికి అందేటట్టు పెట్టింది. వాళ్లాయనకూ ఇట్లాగే అయిందట. పోయినవారం నేను ఆమెకు పులిహోర తీసుకుపోయాను. ఆక్లాండ్ సిటీలో పెద్ద గ్రౌండ్ ఒకటి ఉంది, లైట్లు, మైకు, మెట్ల మీద కుర్చీలు. కార్లు ఎక్కడో దూరంగా ఆపాలి. మా అమ్మాయి లాస్య క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చినప్పుడు, డాడీకి మంచి ఆట చూపిస్తానని అక్కడికి తీసుకుపోయింది. ఆయన కారు దిగనని మొండికేశారు. పాపం అది, "అమ్మా, వై ఈజ్ హి సో అప్‌సెట్?" అని ఒకటే ఏడుపు. హారన్ లేని చోట ఆయనకు ఏం పని, నోరు కట్టేసినట్టే కదా.

మీరు అక్కడ బాగా చూసుకుంటారని నాకు తెలుసు వదినా. చూసుకోవడం గురించి కాదు నా బాధ. ముందు గదిలో మంచం మీద పండుకోబెడితే ఊరంతా వచ్చి చూసి, అయ్యో పాండురంగకు ఇట్లా అయిందే అని పోతుంది. ఆయన వాళ్లకు ఒక్క మాట జవాబు చెప్పలేరు. ఇక్కడ వారానికి ఒక్క పూటైనా అందరితో పాటు మోగుతున్నారు. అది తీసేసి పంపడానికి నాకు చేతులు రావడం లేదు. నా స్వార్థం అనుకుంటే అనుకోండి. ముప్పై ఏళ్లుగా తోడున్న మనిషి పక్క మంచం మీద లేకపోతే నాకు నిద్ర పట్టదనేది కూడా నిజమే.

శనివారం సాయంత్రం ఇల్లు చేరేసరికి నా నడుం విరిగిపోతుంది. లోపలికి పోగానే ముందు చాయ్ పెట్టి, ఇద్దరం తాగాకే బూట్లు విప్పుతాం. ఇంటి ముందు ఆగినప్పుడు మాత్రం ఆయన ఒకటి చేస్తున్నారు... సరే, దాని గురించి రాయాలని లేదు.

ఆముదం రాసుకుంటున్న మీ
కుసుమ.

---

పాపకూర,
మార్చి 27, 2016.

వదినా,

ఈసారి దండాలు, పోట్లాటలు ఏవీ లేవు. మీ తమ్ముడికి పక్షవాతం మళ్లీ వచ్చింది. నెల మొదట్లో. ఈసారి ఎడమ చెయ్యి కూడా పడిపోయింది. మింగడం కష్టంగా ఉంది. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా చెయ్యి పట్టుకుని, ఆయనకు ఏది ఇష్టమైతే అది చేయండి అంది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, మీకూ తెలుసు. విమానం ఎక్కించొచ్చా అని అడిగాను వదినా. మీ ఒట్టు, అడిగాను. వద్దంది.

ఆయనకు ఇష్టమైనది ఒక్కటే కదా. నిన్న పుకెకోహెలో ఈ ఏటికి ఆఖరి ఆట. శివ్‌చరణ్ అన్న చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి కారులో కూర్చోబెట్టాడు. ఇక సీటు మార్చే పని లేదు, మార్చి లాభం లేదు. నేను డ్రైవర్ సీట్లోనే ఉండిపోయాను. ఆయన పక్కన, తలకు దిండు పెట్టుకుని. ఆట మొదలైంది. ఒకసారి బాల్ కంచె దాటింది. అన్ని కార్లూ మోగాయి. ఆయన చెయ్యి ఒళ్లోనే పడి ఉంది. మోగని కారు మాదే. వేళ్లు కదపాలని చూస్తున్నారు, కదలడం లేదు. వదినా, ఆసుపత్రిలో కూడా నేను ఏడవలేదు. అక్కడ ఆ వేళ్లు చూశాక ఏడుపు ఆగలేదు.

ఏడుస్తూనే అనుకున్నాను, ఆయన చెయ్యి పోతే నా చెయ్యి ఉంది కదా అని. కొంగుతో కళ్లు తుడుచుకుని, అల్లిక పక్కన పడేసి, జీవితంలో మొదటిసారి ఆ ఆట వంక కళ్లప్పగించి కూర్చున్నాను. చివర్లో ఒక పిల్ల బలంగా కొట్టింది. బాల్ ఆకాశానికి లేచింది. జనం కార్లలోంచి దిగి నిలబడ్డారు. ఇంకేం, నేను రెండు చేతులూ పెట్టి గట్టిగా మోగించాను, ఆపకుండా మోగించాను. గ్రౌండంతా నిశ్శబ్దం. ఒక్క మా కారే మోగుతోంది. తీరా చూస్తే అవతలి జట్టు పిల్ల కంచె దగ్గర ఆ బాల్‌ను పట్టేసుకుంది. పుకెకోహె జట్టు అక్కడితో ఓడిపోయింది. వాళ్లు ఓడినందుకు నేను బాజాలు వాయిస్తున్నాను. చుట్టూ ఉన్న కార్లన్నీ మావంకే చూస్తున్నాయి. సిగ్గుతో సీటు కింద దూరిపోవాలనిపించింది.

అప్పుడు పక్కనుంచి ఏదో చప్పుడు. ఊపిరి ఆడడం లేదేమోనని దిండు సర్దబోయాను. తిరిగి చూస్తే, ఆయన నవ్వుతున్నారు. నోరు ఒక పక్కకు వంకర పోయి, చొంగ కారుతూ, కళ్లల్లోంచి నీళ్లు కారుతూ, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతున్నారు. పదేళ్లు పక్కన కూర్చుని ఆట నేర్చుకోని దద్దమ్మ అని నవ్వుతున్నారు. మేలో పడిపోయాక అదే మొదటి నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుతుంటే, పక్క కారు ముసలాయన వచ్చి మా కారు టాపు మీద రెండు దరువులు వేసి వెళ్లాడు.

మీ ముందు గది, సున్నం, కడ్డీ, గడప, అన్నీ రాత్రి మళ్లీ ఆయనకు చెప్పాను. విన్నారు. మీ పేరు చెప్పినప్పుడు కళ్లు మూసుకున్నారు. ఏమనుకున్నారో నాకు తెలియదు.

మీ
కుసుమ.

---

పాపకూర,
మే 29, 2016.

వదినా,

విద్యాసాగర్ మీకు పలక మీద రాసి చూపించాడని లాస్య చెప్పింది. ఆ పలక మీద ఏమని రాశాడో, మీరు ఎట్లా చదువుకున్నారో అనే ఆలోచనే నన్ను తినేస్తోంది. నేను ఉండవలసింది. మీ పక్కన కూర్చుని, మీ చేతులు పట్టుకుని చెప్పవలసింది.

ఆ రోజు పొద్దున పూట పోయారు. బాధపడలేదు. నేను కాళ్లకు నూనె రాస్తున్నాను, శివ్‌చరణ్ అన్న భార్య రమీలా చెంచాతో నీళ్లు పట్టిస్తోంది. రెండో చెంచా మింగలేదు, అంతే. ఇక్కడ అన్నీ పద్ధతిగానే జరిగాయి. థేమ్స్ నుంచి రొట్టెల ఆవిడ కూడా వచ్చి, నా మొహానికి మొహం ఆనించి, ముక్కుకు ముక్కు తాకించి, వాళ్ల పద్ధతిలో పరామర్శించింది.

ఇప్పుడు మీకు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే నేను బతకలేను. జనవరి ఉత్తరంలో రాయబోయి ఆపేసిన సంగతి.

అక్టోబరు నుంచి ఆ ఎడమ చెయ్యి ఆడినన్నాళ్లూ, ప్రతి శనివారం గ్రౌండ్ నుంచి తిరిగొచ్చి కారు ఇంటి ముందు ఆపగానే, ఆయన పక్క సీట్లోంచి నా మీదికి వంగేవారు. ఆ చేత్తో హారన్ అందుకోవాలంటే ఒళ్లంతా తిప్పి, తల నా భుజం మీద ఆనించాలి. అట్లా ఆనించి కొట్టేవారు. రెండు చిన్నవి, ఒకటి పొడుగు. ఎప్పుడూ అంతే, రెండు చిన్నవి, ఒకటి పొడుగు. కొట్టి ఇంటి తలుపు వంక చూస్తూ కూర్చునేవారు. మా వీధిలో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఎదురింటివాళ్లు పరదా తీసి చూసేవారు. ఇక్కడ ఆట లేదు, బాల్ లేదు, ఎందుకీ గోల అని తిట్టేదాన్ని. గ్రౌండ్‌లో ఆయన కొట్టిన ప్రతి హారన్‌కూ అర్థం ఉంది. దీనికి మాత్రం నాకు ఒక్కటే అర్థం తోచింది వదినా. ఈ ఇల్లు కాదు, ఇక్కడ దిగను, నన్ను మా అక్క దగ్గరికి తీసుకుపో అని అడుగుతున్నారని. అవును, కాదు కలిసిపోయిన మనిషి, ఉన్న ఒక్క దారిలో అడుగుతున్నారని. అనుకుంటూనే, తిట్టుకుంటూ లోపలికి తోలుకుపోయి, స్టవ్ మీద గిన్నె దబ్బున పెట్టేదాన్ని.

మీకు రాస్తే, చూశావా, వాడు నా దగ్గరికి వస్తానంటున్నాడు అని మీరు అంటారు. అప్పుడు పంపక తప్పదు. అందుకే రాయలేదు. చేతి నుంచి ఆ హారన్ కూడా పోయాక, ఇంటి ముందు కారు ఆపి ఊరికే కూర్చునేదాన్ని. ఆ మూడు చప్పుళ్లు ఒక్కసారి వినపడితే అప్పుడే టికెట్ తీసేదాన్ని అనిపించేది. అప్పటికి అంతా అయిపోయింది. ఆయన మీ దగ్గరికి వస్తానని అడిగితే, నేను ఇంట్లోకి లాక్కుపోయాను. ఇది మీరు క్షమించినా, క్షమించకపోయినా, తెలిసి ఉండాలని రాస్తున్నాను.

అస్థికలు నేనే తెస్తాను. గడప దగ్గర నిలబడితే లోపలికి రానిస్తారో లేదో మీ ఇష్టం.

కుసుమ.

---

హన్మకొండ,
జూన్ 19, 2016.

కుసుమా,

ఇన్నేళ్లూ నీకు చిరంజీవి సౌభాగ్యవతి అని మొదలుపెట్టి రాసేదాన్ని. ఈసారి చెయ్యి ఆగిపోయింది. ఉత్తరం మొదలుపెట్టడానికే రెండు రోజులు పట్టింది. వట్టి కుసుమా అని రాస్తే నీ పేరే నాకు కొత్తగా కనిపించింది.

నీ ఉత్తరం విద్యాసాగర్ తెచ్చి ఇచ్చాడు. చదువుతూ చదువుతూ ఒక చోట నా చేతిలోంచి కాగితం కింద పడింది. ఆ అబ్బాయి భయపడి నీళ్లు తెచ్చాడు. భయం ఏమీ లేదు. రెండు చిన్నవి, ఒకటి పొడుగు అన్న చోట పడింది.

నీ పెళ్లికి వచ్చినప్పుడు నాకు కొద్దిగా చెముడని నీకు చెప్పారు. కొద్దిగా కాదు. అంతకు మూడేళ్ల ముందే సగానికి పైగా పోయింది. మిషన్ కుట్టుకుని బతికే మనిషిని, ఈమెకు వినపడదు, చెప్పింది ఒకటైతే కుట్టేది ఒకటి అని జనం రావడం మానేస్తారని ఎవరికీ చెప్పలేదు. నా తమ్ముడికి ఒక్కడికే తెలుసు. వాడు ఎవరికీ చెప్పనన్నాడు, ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న దానికి కూడా చెప్పలేదని నీ ఉత్తరం చూశాకే నాకు తెలిసింది.

అప్పుడు వాడు ఇక్కడే బడి బస్సు నడిపేవాడు. సాయంత్రం వచ్చి తలుపు కొడితే నాకు వినపడేది కాదు. గొంతు చించుకున్నా వినపడేది కాదు. ఒకరోజు వానలో తడుస్తూ చాలాసేపు బయటే నిలబడ్డాడు, నేను లోపల మిషన్ తొక్కుకుంటున్నా. నేను ఏడిస్తే వాడు నవ్వాడు. మర్నాటి నుంచి బస్సును మన గల్లీ మలుపు తిప్పగానే హారన్ కొట్టేవాడు. ఆ పెద్ద హారన్ ఒక్కటే నాకు అందేది, చెవికి కాదు, కాళ్ల కింద బండల్లోంచి అందినట్టు ఉండేది. వేరే బండ్లతో కలవకుండా వాడే ఒక గుర్తు పెట్టుకున్నాడు. రెండు చిన్నవి, ఒకటి పొడుగు. "అక్కా, ఇంటికొచ్చిన. చాయ్ పెట్టు." అంతే దానికి అర్థం. నేను మిషన్ ఆపి, తలుపు గడియ తీసి, స్టవ్ వెలిగించేదాన్ని. వాడు బస్సు పెట్టి నడిచి వచ్చేసరికి చాయ్ పొంగేది. నీ పెళ్లయి మీరు హైదరాబాద్ పోయేదాకా ఒక్కరోజు తప్పలేదు.

కుసుమా, బాగా విను. ఎక్కడికైనా పోతున్నప్పుడు వాడు దాన్ని ఎన్నడూ కొట్టలేదు. పోదాం పద అని కొట్టే హారన్ కాదు అది. ఇల్లు చేరినాక కొట్టేది.

నా దగ్గరికి పంపు పంపు అని నేను నీ ప్రాణం తీసిన అక్కడి ఎండాకాలమంతా, వాడు శనివారం శనివారం నీ భుజం మీద తల పెట్టి, ఇంటికొచ్చిన అని చెప్తూనే ఉన్నాడు. నువ్వు చదివి వినిపించిన నా ఉత్తరాలకు వాడు ఇచ్చిన జవాబు కూడా అదే అయి ఉంటుంది.

నీ దగ్గర దాచను, మొదట నాకు కడుపులో మండింది. ఆ పిలుపు నాది. నా చెవుల కోసం పెట్టుకున్నది. దాన్ని తీసుకుపోయి ఇంత దూరాన నీ వాకిట్లో వాడుకున్నాడని ఒక పూట అన్నం తినలేదు. తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. నేను వాడికి అన్నం పెట్టి పెంచినదాన్ని. వాడికి మాట పోయాక వాడు చెప్పేది వినడానికి ఊరూరా తిరిగినదానివి నువ్వు. నాకు చెవులు ఉన్నా అంత వినేదాన్ని కాదేమో.

ముందు గది అట్లనే ఉంది. నువ్వు రా. అస్థికలు కలపడానికి కాళేశ్వరం ఇద్దరం కలిసి పోదాం. ఆ బాత్‌రూమ్ కడ్డీ నీకు పనికిరాకపోయినా నాకు పనికొస్తోంది. గడప చెక్కించిన చోట నువ్వు నిలబడనక్కర లేదు, అడ్డం ఏమీ లేదు కాబట్టి నేరుగా లోపలికి రా. వచ్చేముందు నువ్వు తలుపు కొట్టకు, నాకు వినపడదు. ఎక్కి వచ్చిన ఆటోవాడికి చెప్పి మలుపు దగ్గర కొట్టించు. ఆటో హారన్ నా చెవికి అందదు, తెలుసు. అందుకని నువ్వు వచ్చే రోజు పొద్దుటి నుంచే వాకిట్లో కూర్చుంటాను.

ఇంకొక్క మాట. వాడు అడిగింది నువ్వు వినలేదని రాశావు. వాడు హారన్ కొట్టినాక నువ్వు ఏం చేసేదానివో నీ ఉత్తరాల్లోనే రెండు చోట్ల ఉంది, నువ్వే రాసి నువ్వే చూసుకోలేదు. తిట్టుకుంటూ అయినా సరే, లోపలికి పోగానే చాయ్ పెట్టావు.

నీ వదిన,
శేషారత్నం.